పదును దించిన చెయ్యి

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా మావయ్య పోయాడు. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆస్పత్రి నుంచి అత్త ఫోన్ చేసి, "ఒరే, మీ మావ ఎలిపోనాడ్రా" అంది. ఆ తర్వాత ఏడుపు తప్ప ఇంకేమీ వినిపించలేదు. నేను అప్పుడు కత్తెరలకు సాన పడుతున్నాను. ఫోన్ పక్కన పెట్టి, చేతిలో సగంలో ఉన్న కత్తెర పూర్తి చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసింది. ఏం జరిగిందో అర్థమైపోయింది. నేరుగా వెళ్ళి వీధి తలుపు గడియ వేసింది.

"నువ్వు కిందకి దిగినావంటే నా మీద ఒట్టే" అంది. తమ్ముడి కోసం ఏడవడం ఆ తర్వాతే మొదలుపెట్టింది.

నాకు ఇరవయ్యేడేళ్ళు. బర్మాలోని ఈ ఊళ్ళో ఈ వయసు మగవాళ్ళ పేర్లు సైన్యంలోకి లాక్కుపోయే వార్డు లిస్టుల్లో ఉంటాయి, రోడ్డు మీద ఆపితే చూపించాల్సిన కాగితాలుంటాయి, చూపించినా ఇంటికి తిరిగొస్తామన్న నమ్మకం ఉండదు. అందుకే లమ్మడా పేటలో ఈ నాలుగో అంతస్తు దిగడం దాదాపు మానేశాను. ఏడాదిన్నర దాటింది. ఈ ఇంట్లో ఎన్ని బండలున్నాయో, ఏ బండ పగిలి ఉందో, మధ్యాహ్నం ఎండ ఏ బండ దాకా వస్తుందో అడగండి, చెప్తాను.

మావయ్య ఇల్లు మా భవనంలోనే, పక్క మెట్ల వైపు. మర్నాడు పొద్దున్న ఆయన్ని కిందకి తెచ్చినప్పుడు బాల్కనీలోంచి చూశాను. పైనుంచి పూలే కనిపించాయి. ఆయనకు పిల్లలు లేరు, నేను మేనల్లుణ్ణి. పాడెకు నా భుజం ఉండాలి. నా చోట మూడో అంతస్తులో ఉండే బర్మా పెద్దాయన నిలబడ్డాడు. పాపం, ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మూలమలుపు తిరిగేదాకా కుంటుతూనే మోశాడు. నేను పైన చువ్వలు పట్టుకుని నిలబడి చూశాను. భుజం ఇవ్వలేనివాడు నాలుగు ముక్కలైనా రాయాలి కదా, అందుకే ఇది.

మావయ్య గురించి ముందు చెప్పాల్సింది ఆయన ఎడమ బొటనవేలి గోరు. దాని మీద ఎప్పుడూ సన్నటి తెల్ల గీతలు ఉండేవి. కత్తి గాని కత్తెర గాని చేతికొస్తే అంచును ఆ గోరుకు ఆనించి చూసేవాడు. గోరు పొట్టు లేస్తే పదునున్నట్టు, జారిపోతే లేనట్టు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు వంటింట్లోకి తొంగి చూసి, "ఏటమ్మా ఇది? కత్తా, గరిటా?" అనేవాడు. వాళ్ళు నవ్వేలోపు తన సంచిలోంచి సానరాయి బయటికి వచ్చేసేది. మా అత్తకు ఇది చచ్చేంత సిగ్గు. "తిండికి పిలిత్తే పనికొచ్చినట్టు కూకుంతాడు ఈ మనిసి" అని తిట్టేది. ఆయన మాత్రం తల ఎత్తేవాడు కాదు.

ఈ పని మాకు తాత నుంచి వచ్చింది. తాత వాళ్ళ నాన్న విశాఖ వైపు నుంచి ఇక్కడి ఓడరేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడు. తాత మాత్రం సాన చక్రం భుజాన వేసుకుని వీధి వీధి తిరిగాడు. మావయ్య ఊరవతల లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీల్లో గుడ్డ కోసే బ్లేడ్లు, కత్తెరలు చూసేవాడు. అక్కడ కుట్టు మిషన్ల మీద ఉండే ఆడపిల్లలు ఆయన్ని "ఊలే, ఊలే" అని పిలిచేవారు. వాళ్ళ భాషలో చిన్నాన్న లాంటి మాట అది. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ పదునైనా మన చేతిలోంచి అవతలి చేతికి వెళ్ళేముందు సన్నరాయి మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్కసారి రుద్దాలి. ఆఖరి రాపు అంటాం. ఆ తర్వాత కళ్ళకద్దుకుని, పిడి అవతలివాళ్ళ వైపు ఉంచి ఇవ్వాలి. మాటలు రాకముందే నా చేతికి ఆ రాపు వచ్చిందని అమ్మ అంటుంది.

మా మావయ్య జపాన్‌లో ఎనిమిది చలికాలాలు పనిచేశాడు. కొండ మీద ఒక ఊళ్ళో స్కీలు అద్దెకిచ్చే షాపు. స్కీలంటే మంచు మీద జారడానికి కాళ్ళకు కట్టుకునే పొడవాటి బద్దలు. వాటికి రెండు వైపులా ఉక్కు అంచు ఉంటుంది. మామూలుగా ఆ అంచుకు పదును పెట్టాలి, లేకపోతే గట్టిపడిన మంచు మీద పట్టు దొరకదు. పదును పెట్టడమే అయితే మా వాళ్ళకు నేర్పేదేముంది! అయితే ఆ కొండ మీద కుర్రకారు కోసం ఒక పార్కు ఉందట. అక్కడ మంచు దిబ్బల మీంచి ఎగురుతారు, ఇనుప కమ్మీల మీద అడ్డంగా జారతారు. కాలి కింద అంచు పదునుగా ఉంటే అది కమ్మీని కరుచుకుంటుంది, మనిషి ఎగిరి అవతల పడతాడు. అందుకని ఆ స్కీలకు పదును దించాలి. ముందు కొనలో కొంచెం, వెనక కొనలో కొంచెం, కాలి కింద బాగా. మిగిలిన చోట ఉంచాలి, లేకపోతే వాడు ఆగాలనుకున్నప్పుడు ఆగలేడు. షాపు నడిపే పెద్దావిడ దగ్గర మావయ్య నేర్చుకున్నది ఈ పని.

ఆయన తిరిగొచ్చి మాకు ఈ సంగతి చెప్పిన రోజు మా అమ్మ నోరు తెరిచి వింది. "ఎనిమిదేళ్ళు ఇల్లొగ్గి ఎల్లి మొండి సెయ్యడం నేర్సుకున్నావేట్రా? నాన్న బతికుంటే నీ సెయ్యి ఇరిసేసేవోడు" అంది. మావయ్య నవ్వాడు. "పదునెట్టడం ఎవుడైనా సేత్తాడే అక్కా. ఎక్కడ తియ్యాలో తెలడానికే నాకు మూడు సలికాలాలు పట్టింది" అన్నాడు.

తిరిగొచ్చాడు అన్నాను గాని, ఆయన ఉండిపోవడానికి రాలేదు. అమ్మమ్మ చివరి రోజుల్లో ఉందని నెల రోజులకని వచ్చాడు. ఆమె కర్మలు అయ్యేసరికి ప్రపంచమంతా పాకిన జబ్బు భయంతో విమానాలు ఆగిపోయాయి. అవి మళ్ళీ ఎగిరేసరికి ఆయన వీసా అయిపోయింది, సైన్యం గద్దెనెక్కి ఇక్కడి పరిస్థితులు తలకిందులయ్యాయి. గుమ్మం దగ్గర పెట్టిన పెట్టె ఏడాది పాటు అక్కడే ఉంది. చివరికి అత్త దాని మీద బియ్యం డబ్బా పెట్టుకుంది.

చెయ్యి పని మరిచిపోకూడదని ఆయన చేసిన విచిత్రం ఒకటి చెప్పాలి. ఈ ఊళ్ళో జపాన్ పాత సామాన్లు అమ్మే షాపులు బోలెడు. రైస్ కుక్కర్లు, బొమ్మలు, గోల్ఫ్ సంచులతో పాటు ఒకనాడు ఒక జత స్కీలు దిగాయి. అమ్మే పిల్ల అవి బట్టలారేసుకునే కర్రలనుకుని మూలకు పెట్టింది. మావయ్య వాటిని భుజాన పెట్టుకుని బస్సెక్కితే కండక్టరు, "ఏంటయ్యా, పడవ కూడా తెచ్చుకున్నావా?" అని బర్మా భాషలో అరిచాడట. మా మెట్ల మలుపులో అవి తిరగలేదు. ఇక్కడ ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. కింద లాగితే పైన గంట మోగుతుంది, కూరగాయలో పేపరో కట్టి పైకి చేదుకుంటాం. ఆ తాడుకు స్కీలు కట్టి లాగాం. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. రెండో అంతస్తు దగ్గర ఎవరివో ఆరేసిన లుంగీలు కూడా వాటితో పైకి వచ్చాయి.

ఆ జత మీదే నాకు పని నేర్పాడు. అప్పటికి నేను ఆయనతో లైంగ్‌థార్యార్ వెళ్ళి కత్తెరల పని చేస్తున్నాను, సాయంత్రాలు జపనీస్ క్లాసుకు పోతున్నాను. ఇక్కడ నా ఈడువాళ్ళు సగం మంది ఏదో ఒక పరాయి భాష నేర్చుకుంటూనే ఉంటారు. ఒకరోజు మావయ్య, "షాపావిడికి ఒక మనిసి కావాలంట. నువ్వెల్తావేట్రా?" అన్నాడు. వెళ్తానని ఆయన నోరు మూసేలోపే చెప్పేశాను.

నేర్పడంలో ఆయన పద్ధతి వేరు. ఆకురాయి చేతికిచ్చేముందు అడిగేవాడు. "ముందు సెప్పు, ఈడెక్కడ జారతాడు?" స్కీ తొడుక్కునే మనిషి గురించి తెలియకుండా ఇనుము ముట్టనిచ్చేవాడు కాదు. దిబ్బల మీంచి ఎగిరేవాడికి ఎంత దించాలో, కమ్మీల మీద జారేవాడికి ఎంత దించాలో తేడా ఉంది. "కొత్తోడా, పాతోడా? బరువెంత? బయమున్నోడా?" అన్నీ నేను ఊహించి చెప్పాలి. నేను చెప్పాక ఆకురాయిని వాలుగా పట్టించి, రెండే రెండు సార్లు లాగించి, ఆపెయ్యమనేవాడు. "సాలు. గోరెట్టి సూడు. తీసిన ఇనుము మళ్ళీ రాదు, బేగి పడకు." తర్వాత రబ్బరు రాయితో నున్నగా చెయ్యాలి. అంచు మీద వేలు పెట్టి జరిపితే ఎక్కడా తగలకూడదు. నేను విసుక్కునేవాణ్ణి. మంచు లేదు, కొండ లేదు, కరెంటు లేక ఫ్యాను కూడా లేదు, చెమట ఆ స్కీల మీద బొట్లు బొట్లుగా పడుతుంటే ఆ ఊహల కుర్రాడి బరువు ఎంతని చెప్పను!

ఆ ఏడు వానలు తగ్గుతుండగా పరీక్ష పెట్టారు. షాపు పెద్దావిడ వీడియోలో కూర్చుంది. కరెంటు ఉండే రెండు గంటల్లో అవ్వాలి. ఒక కాలి స్కీ పదును దించి చూపించాలి. అద్భుతంగా చేశాను, ఇప్పటికీ అంటాను. మావయ్య నా వెనకే నిలబడి చూశాడు. అంతా అయ్యింది. ఆవిడ తల ఊపింది కూడా. నేను స్కీని కెమెరా వైపు తిప్పి ఇవ్వబోతూ, సన్నరాయి తీసి, అంచు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క రాపు రాసి, కళ్ళకద్దుకున్నాను.

మావయ్య నోట్లోంచి "అయ్యో" అని వచ్చింది. అప్పటికి గాని నాకు తెలియలేదు.

గుండ్రం చేసిన అంచు మీద అలా రాస్తే వెంట్రుకంత ఇనుప పొర మళ్ళీ లేస్తుంది. కమ్మీ మీద ఆ వెంట్రుక చాలు. ఆవిడ కోప్పడలేదు. వేలు జరిపి చూడమంది. చూశాను, గీరుకుంది. "ఆ స్కీ ఇప్పుడు నువ్వు ఒక పిల్లవాడి కాళ్ళకు కట్టేవాడివి. వచ్చే ఏడు మళ్ళీ చూద్దాం" అంది. జపాన్‌లో చలికాలం ఏడాదికి ఒకసారే వస్తుంది, మనుషుల్ని ఒకసారే తీసుకుంటారు.

మావయ్య నన్ను కింద టీ దుకాణానికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. టీ సాసర్లో పోసుకుని, "నాను కూడా మొదటేడు అదే సేసినాన్రా. మన సెయ్యి అలాటిది" అన్నాడు. నిజమో, నా కోసం అల్లాడో ఇప్పటికీ తెలియదు.

తర్వాతి ఏడు పాసయ్యాను. ఆఖర్న చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని నిలబడ్డాను, ఆవిడ నవ్వింది. కాగితాలు కదిలాయి. మెడికల్ అయ్యింది. అత్త నాకు ఉన్ని టోపీ కొన్నది, ఈ ఎండల్లో అదెక్కడ దొరికిందో! అంతలో మా వయసు మగవాళ్ళకు బయటి దేశం పని పర్మిట్లు ఆపేశారన్న వార్త వచ్చింది. వారంలో మళ్ళీ ఇస్తారన్నారు, నెలలో అన్నారు. ఆ తర్వాత లిస్టుల సంగతి మొదలైంది. నేను ఇంట్లో పడ్డాను.

ఆ ఒక్క రాపు లేకపోతే నేను ఏడాది ముందే వెళ్ళిపోయి ఉండేవాణ్ణి. ఈ మాట నేను రోజుకు ఎన్నిసార్లు అనుకుంటానో లెక్క లేదు. పళ్ళు తోముకుంటూ అనుకుంటాను, అన్నం కలుపుకుంటూ అనుకుంటాను.

మావయ్య నన్ను ఖాళీగా ఉండనివ్వలేదు. ఫ్యాక్టరీ నుంచి కత్తెరల మూట తెచ్చి తాడుకు కట్టేవాడు, సాన పట్టినవి మర్నాడు తీసుకెళ్ళేవాడు. ఆదివారాలు పైకి వచ్చేవాడు. అప్పటికి ఆ స్కీల అంచు రుద్ది రుద్ది అరిగిపోయింది. పాత ఇనుప బీరువా రేకుల్ని సన్నగా కోసి, స్కీ పక్కన బిగించి, "కానీ" అనేవాడు. నేను ఎందుకు మావా ఇదంతా అంటే, "సెయ్యి మర్సిపోద్దిరా. దారి తెరుసుకున్న రోజున మర్సిపోనానంటే ఆవిడూరుకుంతాదేటి?" అనేవాడు.

ఒక ఆదివారం నాకు తిక్క రేగింది. వారం రోజులుగా మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడు విన్నా వంటింటి తలుపు వెనక్కి పోయి నిలబడుతున్నాను. ఆయన వచ్చి ఎప్పటిలాగే "ముందు సెప్పు, ఈడెక్కడ జారతాడు?" అన్నాడు. ఆకురాయి విసిరికొట్టాను. "ఎక్కడా జారడు! ఈ గదిలో జారతాడు! నీకేటి మావా, ఎనిమిది చలికాలాలు మంచు చూసేసినావు. నీకు కావాల్సింది అయిపోయింది. నన్నెందుకిలా సంపుతావు?" అన్నాను. మావయ్య వంగి ఆకురాయి తీసి, పళ్ళు విరిగాయేమో చూసుకుని, గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. "సర్లే, వచ్చే వారం సేద్దుం" అని వెళ్ళిపోయాడు. వచ్చే వారం మామూలుగానే వచ్చాడు. క్షమించమని నేను అడగలేదు. అడిగే అవసరం లేనట్టు ఆయన నడుచుకున్నాడు, నేను దాన్ని వాడేసుకున్నాను.

పోవడానికి మూడు రోజుల ముందు గుండెలో నొప్పని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఫోన్‌లో మాట్లాడాడు. గొంతు బాగానే ఉంది. "నువ్వు రాకు. నాను వత్తాను గదా" అన్నాడు. కత్తెరలు ఎన్ని అయ్యాయని అడిగాడు. అదే ఆఖరి మాట.

మొన్న ఆదివారం అత్త పైకి వచ్చింది. మావయ్య వచ్చే వేళకే వచ్చి, ఆయన కూర్చునే చోటే కూర్చుంది. ఆయన ఫోన్ నా చేతికిచ్చింది. "ఆ జపానావిడ ఏటో పంపుతంది. నాకు తెలదు. నువ్వు సదివి సెప్పు" అంది.

ఆవిడకు మావయ్య పోయిన సంగతి తెలియదు. ఈ చలికాలానికి ఆలోచన మార్చుకున్నావా అని అడుగుతోంది. నాకు అర్థం కాలేదు. వేలితో పైకి జరుపుకుంటూ పోయాను. పోయిన ఏడు అదే ప్రశ్న. అంతకు ముందేడు అదే ప్రశ్న. అన్నిటికన్నా పైన, నా మొదటి పరీక్షకు కొన్ని నెలల ముందు ఆవిడ రాసింది: ఒక మనిషికి వీసా పెట్టగలను, నువ్వు తిరిగి రా. దాని కింద మావయ్య తనకొచ్చిన వంకర జపనీస్‌లో జవాబు రాశాడు. నా బదులు మా మేనల్లుడు వస్తాడు, నాకన్నా మంచి చెయ్యి.

"ఇది నీకు తెలుసా అత్తా?" అన్నాను.

"తెలదేటి?" అంది అత్త. "మావిద్దరం కొట్టుకునీవోలం. నీకు పర్మిట్టాపినాక కూడా ఆవిడ రమ్మంది. ఈయన వయసోలకి ఎవులూ అడ్డెట్టనేదు. ఎల్లిపోరా బాబూ, నువ్వైనా గాలి పీల్సుకో అని కాళ్ళట్టుకున్నాను. ఇనలేదు. ఆడ్ని ఆ గదిలో ఒగ్గేసి నానెల్తే ఆడికి కత్తెరలెవులు తెత్తారే అన్నాడు."

నాకు ముందు కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద, చెప్పడానికి సిగ్గే, ఒళ్ళు మండిపోయేంత కోపం. వెళ్ళిపోవాల్సింది మావా! ఇద్దరికీ తలుపు మూసి ఉంటే ఒక సంగతి. నీకు తెరిచి ఉన్న తలుపు నువ్వెందుకు వేసుకున్నావు? నేను నిన్ను ఆ మాట అన్న రోజున ఒక్కసారి తిరిగి తిట్టకూడదా? ఎనిమిది చలికాలాల్ని నీ మొహాన విసిరాను కదా, అప్పుడైనా చెప్పకూడదా? ఇవన్నీ పైకే అన్నాను. అత్త వింటూ కూర్చుంది. ఆ తర్వాత ఏడుపు వచ్చింది. ఆయన పోయిన మంగళవారం నుంచి అప్పటిదాకా నేను ఏడవలేదు. అమ్మ వచ్చి ఒకపక్క కూర్చుంది, అత్త ఒకపక్క.

సాయంత్రం కరెంటు వచ్చాక ఆవిడకు రాశాను. మావయ్య పోయాడని, నేను ఆయన మేనల్లుణ్ణని, ఇంకా బయటికి రాలేకపోతున్నానని. తర్వాత ఒక ఫోటో వచ్చింది, దాని కింద ఒక ప్రశ్న. "మీ మావయ్యది మీ ఇంటికి పంపించనా, ఇక్కడే ఉంచనా?"

ఉంచండి, నేను వచ్చి తీసుకుంటాను అని రాశాను.

ఫోటోలో షాపు పని బల్ల, దాని వెనక సగం దాకా మంచు కప్పిన కిటికీ. బల్ల పక్క గోడకు రెండు కొక్కేలు, రెండు నీలం రంగు ఏప్రాన్లు. ఒకదాని మీద మావయ్య పేరు, రెండోదాని మీద నా పేరు జపనీస్ అక్షరాల్లో కుట్టి ఉన్నాయి. ఆయనది ఛాతీ దగ్గర వెలిసిపోయి తెల్లబడింది, జేబు అంచు నూనె మరకలతో నల్లగా ఉంది. నాదానికి పొట్లంలోంచి తీసినప్పటి మడతల గీతలు నిలువునా అడ్డంగా ఇంకా అలాగే ఉన్నాయి.